లంకకు సైకిలు సర్దడం

చీరాలలో ఎవరైనా విదేశం వెళ్తున్నారంటే అడిగే ప్రశ్నలు తెలిసినవే: ఉద్యోగమా, చదువా, కూతురి పురుడా? శ్రీలంక అంటే బౌద్ధ క్షేత్రాలు చూసి రావడానికి కాబోలనుకుంటారు. సైకిలు మీద తిరగడానికి అనేసరికి మాత్రం మాట ఆగిపోతుంది. మా వైపు సైకిలంటే వదిలించుకునే బండి. నాలుగు డబ్బులొస్తే మోటారు సైకిలు, ఇంకాస్త వస్తే కారు. విమానం ఎక్కే స్తోమత వచ్చాక మళ్లీ సైకిలెక్కడమేమిటని మా పిన్ని సందేహం. "ఆడ బస్సుల్లేవంటరా?" అంది. ఉన్నాయి పిన్నీ, రైళ్లు కూడా ఉన్నాయన్నాను. దాంతో ఆవిడ అనుమానం మరీ బలపడింది.

శ్రీలంకే ఎందుకంటే దగ్గర. మద్రాసు దాకా రైలు, అక్కణ్ణించి గంటన్నర లోపు విమానం. బండ్లు అక్కడా ఎడమ పక్కనే నడుస్తాయి కనక రోడ్డు మీద కొత్తగా నేర్చుకునేది తక్కువ. చిక్కల్లా మధ్యనున్న కొండలతోనే. తేయాకు తోటల నువర ఎలియా సముద్రమట్టానికి 1,868 మీటర్ల ఎత్తున ఉంది. మా ఊళ్లో ఎత్తంటే ఏ కాలవ వంతెనో. పర్చూరు, కారంచేడు ఎటు పోయినా పత్తి చేలు, మిరప చేలు, పొగాకు, అన్నీ బల్లపరుపు.

మన పాత సైకిలుకి ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పల్లానికి అది రాజసంగా ఉంటుంది, కొండ మీద కాళ్లు పీకేస్తుంది. లంక కోసం సిద్ధం చేసిన బండికి ముందు 26, వెనక 34. పెడలు ఒక చుట్టు పూర్తయినా చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. నడిచే మనిషి మాట్లాడుతూ పక్కనే రావచ్చు. అయినా దిగి తొయ్యనక్కర్లేదు, అదీ లాభం.

కొండ లేనిచోట కొండ ఎక్కడం నేర్పేది గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. అప్పుడు వాడరేవు వైపు తొక్కితే ఆ ఆరేడు కిలోమీటర్లూ ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతున్నట్టే ఉంటుంది. నా ఉద్దేశంలో కొండే నయం. దానికి ఒక శిఖరమంటూ ఉంటుంది, అది దాటాక దిగుడూ ఉంటుంది. గాలికి ఆ మర్యాద లేదు. పర్చూరు రోడ్డులో పరీక్ష మరో రకం. ఎండాకాలం ముందర గుంటూరు యార్డుకి పోయే మిర్చి లారీ వెనక చిక్కితే తుమ్ములాగవు, దాటడానికి బలం చాలదు. అసలు కొండే కావాలంటే చిలకలూరిపేట దాటి కొండవీడు పోవాలి. రెడ్డిరాజుల కోట మీదికి ఇప్పుడు ఘాట్ రోడ్డుంది. దాని మలుపుల్లో తెలుస్తుంది, మన ఊపిరి ఎంతో, సర్దుకున్న మూట బరువెంతో.

మూట సంగతి పుస్తకాల్లో చాలా ఉంటుంది: బరువు కిందికి ఉండాలి, రెండు పక్కలా సమానంగా ఉండాలి, కదలకూడదు. ఇవన్నీ ఈపూరుపాలెం, జాండ్రపేట వీధుల్లో ఎప్పణ్ణించో ఉన్న విద్యలే. నూలు చిలపలు, చీరల మూటలు క్యారేజీకి కట్టి, పాత ట్యూబు చీల్చిన రబ్బరుతో బిగిస్తే రోడ్డు గుంటలకి కూడా చెక్కుచెదరవు. వేలు పోసి కొన్న జలనిరోధక సంచులు నాకూ ఉన్నాయి. వాటి కొక్కెం విరిగితే నా దగ్గరున్న మందు ఆ ట్యూబు ముక్కే. మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య వేలు పట్టేంత సందుండాలన్నది నల్లరేగడి నేర్పిన పాఠం. వాన పడ్డాక చేల దారిలో పది గజాలు తొక్కితే చాలు, మట్టి పేరుకుని చక్రం బిగదీస్తుంది.

సైకిలు మీద దేశాలు తిరగడం కొత్తేం కాదు. 1923 అక్టోబరులో ఆరుగురు పార్శీ కుర్రాళ్లు బొంబాయి నుంచి ప్రపంచం చుట్టి రావడానికి సైకిళ్లెక్కారు. 1928లో తిరిగొచ్చినవాళ్లు అది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుంగరా, ముగ్గురే. వాళ్లకి ఎడారులు అడ్డమొచ్చాయి. నాకు అడ్డమొచ్చేది విమానం తూకం. సైకిలుని అట్టపెట్టెలో పెట్టాలంటే ముందు చక్రం ఊడదీయాలి, హ్యాండిలు తిప్పాలి, సీటు దించాలి, టైర్లలో గాలి తగ్గించాలి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. పంచరు సొల్యూషన్ మంటపుట్టే సరుకు కాబట్టి విమానంలోకి రానివ్వరు, జిగురు అక్కర్లేని అతుకులు పట్టుకెళ్లాలి. చక్రం పుల్లలు నాలుగు, పానాలు రెండు, చైను లింకు ఒకటి. ఇవన్నీ పోగా బట్టలకి మిగిలేది పిసరంత చోటు.

అందుకే ప్యాంట్లు తీసి లుంగీ పెట్టాను. చీరాల బట్టకి సముద్రం దాటడం కొత్తకాదు. నూలుని నూనెలో నానబెట్టి ముడికట్టి అద్దిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఇక్కణ్ణించే అరబ్బు దేశాలకి వెళ్లాయి, అక్కడి ఎండలో తలపాగాలయ్యాయి. ఇప్పుడా నేత తెలంగాణలోని పుట్టపాకలో బతుకుతోంది. నాది మామూలు గళ్ల లుంగీ. అదే తువ్వాలు, అదే దుప్పటి, బట్టలు మార్చుకోవడానికి అదే గది. లంకలో మగాళ్లూ లుంగీలాంటి సరాం కడతారు కనక అక్కడ నన్నెవరూ వింతగా చూడరు.

ఆ లుంగీ కొన్నది సైకిలు మీద ఊళ్లు తిరిగి లుంగీలమ్మే పెద్దాయన దగ్గర. నా బండి గేర్లు, సంచులు చుట్టూ తిరిగి చూసి, మూట బాగా కట్టానని మెచ్చుకుని, "ఆడ ఏం అమ్ముతావబ్బాయ్?" అన్నాడు. ఏమీ అమ్మను, ఊరికే తిరుగుతానన్నాను. కాసేపు ఆలోచించాడు. ఆడ కూడా లుంగీలు కడతారంటున్నావు కదా, ఓ పాతిక పట్టుకుపో, బరువుండవు, దారిఖర్చులొచ్చేస్తాయి అని లెక్క చెప్పాడు. లెక్కలో తప్పేం లేదు. టూరిస్టు వీసా మీద వ్యాపారం చెయ్యనివ్వరని నచ్చజెప్పడానికి మాత్రం ఓ టీ అయింది.