నేలపట్టులో గూడబాతుల పురుళ్ళు

పోయిన సంక్రాంతికి సూళ్ళూరుపేటలో మా వదిన వాళ్ళింటికి వెళ్ళాం. "అరిసెలు తర్వాత వండుకోవచ్చు, ముందు నేలపట్టు చూసొద్దాం పద అమ్మాయ్" అంటూ తెల్లారకముందే లేపేసింది వదిన.

దొరవారిసత్రం దగ్గరుంది ఈ చెరువు. 1976లో పక్షుల రక్షిత కేంద్రం చేశారు. నీళ్ళలోనే నిలబడి పెరిగే నీటికడప చెట్లు, కొమ్మ కొమ్మకీ గూడబాతులు. పెలికాన్లంటారే, అవే. ముక్కు కింద సంచీ వేలాడుతుంటుంది, మనం మార్కెట్టుకి పట్టుకెళ్ళే సంచీలాగే!

చలి దేశాల్లో చెరువులు గడ్డకడితే నీటిపక్షులు ఎలా బతుకుతాయా అని నాకెప్పుడూ సందేహం. బాతులకి చలి అంత కష్టం కాదట. ఈకల కింద మెత్తటి నూగు దుప్పటిలా కాస్తుంది. తోక మొదట్లో ఉన్న తిత్తిలోంచి ముక్కుతో నూనె తీసి ఈకలకి రాసుకుంటాయి, తడి లోపలికి దిగదు. కాళ్ళలోకి దిగే వేడి రక్తం, పైకొచ్చే చల్లటి రక్తాన్ని దారిలోనే వెచ్చబెడుతుంది. అయితే మంచు కింద తిండేదీ? అందుకే సూదితోక బాతుల్లాంటివి సైబీరియా వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మన వైపు వస్తాయి.

గూడబాతుల సంగతి వేరు. వాటికి మన చలికాలమే పురుళ్ళ కాలం. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండితేనే గూళ్ళు కడతాయి. చెట్ల చుట్టూ నీళ్ళుంటే కుక్కలూ నక్కలూ రాలేవు కదా. చేపల కోసం పులికాట్ సరస్సు దాకా వెళ్ళొస్తాయి. పిల్ల వచ్చి తల్లి గొంతులోకి తల దూర్చేసి తింటుంది. చూస్తే మనకే ఊపిరాడదు! ఈ చెరువు నీళ్ళు పారిన పొలానికి ఎరువే అక్కర్లేదంటారు ఊళ్ళోవాళ్ళు.

గట్టు పక్కన ఒక పిల్ల పడి ఉంది. ఇంకా ఎగరడం రాదు. నోరు తెరిచి పైకి చూస్తోంది. తల్లి కొమ్మ మీదే ఉంది, దిగలేదు. "కింద పడ్డదానికి మేత పెట్టదమ్మా" అన్నాడు కాపలా అతను. చెట్టెక్కి గూట్లో పెట్టకూడదా అంటే, ఎక్కితే మిగతావన్నీ బెదిరి గూళ్ళు వదిలేస్తాయన్నాడు. పిల్లని గంపలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ పూట వదిన చేపల పులుసు పెడితే నాకు ముద్ద దిగలేదు. అరిసెతో సరిపెట్టుకున్నాను.

వెళ్ళాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య పొద్దున్నే వెళ్ళండి. మెరిసే చీరలొద్దు, పక్షులు బెదురుతాయి.

మొన్న వదిన ఫోన్ చేస్తే ముందు చెరువు సంగతే అడిగాను. "సగమే నిండింది, ఇంకో వాయుగుండం పడాలి" అంది.