ఎండకు లొంగేది పోగు కాదు, జిగురు

పాత భవనాలకు బలం చేకూర్చడం నా వృత్తి. పగుళ్లిచ్చిన బీములకూ, పై అంతస్తు బరువు మోయలేని కాలమ్‌లకూ కార్బన్ ఫైబర్ బట్టను ఎపాక్సీతో అంటిస్తాం. ఇంటివాళ్లు ముందు రేటు అడుగుతారు, ఆ తర్వాత ఎన్నేళ్లు ఆగుతుందని అడుగుతారు. "దానికి ఎంత వేడి తగులుతుందండీ?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. జవాబంతా అందులోనే ఉంది.

మన ఎండలు కార్బన్ పోగును ఏమీ చేయలేవు. దాన్ని కాంక్రీటుకు పట్టి ఉంచే ఎపాక్సీ అలా కాదు. సైటులో మామూలు వాతావరణంలో గట్టిపడే రకాలు సాధారణంగా 60 నుంచి 82 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడతాయి. ఆ మెత్తబడే ఉష్ణోగ్రతనే మేం టీజీ అంటాం. అక్కడ ఎపాక్సీ కరిగి కారదు కానీ బిరుసుతనం పోయి రబ్బరులా సాగుతుంది. పోగు చెక్కుచెదరకపోయినా, కాంక్రీటు మీది భారం ఇక దానికి అందదు. అందుకే అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకాలు టీజీకి 15 డిగ్రీలు తక్కువలోనే వాడకం ఉండాలంటాయి. టీజీ 65 అయితే మన హద్దు 50 అన్నమాట.

ఈ విద్య చల్లని దేశాల్లో పెరిగింది. స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ దగ్గరి ఇబాక్ వంతెనకు 1991లోనే కార్బన్ పట్టీలు అంటించారు. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో నీడలోనే 45 దాటే రోజులుంటాయి. ఎండ నేరుగా పడే డాబా పైభాగం 60కి చేరడం వింతేమీ కాదు. గదిలోపలి బీముకు భయం లేదు. డాబా మీద వాటర్ ట్యాంకు మోసే కాలమ్ దగ్గరే నేను ఆగి ఆలోచిస్తాను. అక్కడ ఎండకు తోడు ట్యాంకు నుంచి కారే నీళ్లూ ఉంటాయి. తేమ పీల్చిన ఎపాక్సీకి టీజీ ఇంకా కిందికి దిగుతుంది. అలాంటి చోట ఎక్కువ టీజీ ఉన్న ఎపాక్సీ రెసిన్ ఎంచుకుని, పైన తెల్ల పూత వేయిస్తాను. ఆ పూత ఎండ వేడినీ, అతినీలలోహిత కిరణాలనూ అడ్డుకుంటుంది.

వేసవిలో పని చేయడమూ కష్టమే. రెసిన్‌లో హార్డెనర్ కలిపితే అదే వేడి పుట్టిస్తుంది. బకెట్ నిండా కలిపితే చూస్తుండగానే పొగలొచ్చి బిగుసుకుపోతుంది. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి ట్రేలో పోసి, రోలర్‌తో త్వరగా పట్టించాలి. పొద్దెక్కే కొద్దీ కాంక్రీటు రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి తడి బట్ట కింద బుడగలు లేపుతుంది. అందుకే ఎండ తగిలే చోట, వేడి తగ్గుముఖం పట్టిన సాయంత్రమే బట్ట వేయిస్తాను. మర్నాడు నాణెంతో తట్టి చూస్తే బుడగ ఉన్నచోట డొల్ల మోత వినిపిస్తుంది.

ఇప్పుడు ఇనుముకు బదులుగా గ్లాస్ ఫైబర్ రాడ్లు కూడా వస్తున్నాయి. వాటికి తుప్పు పట్టదన్న మాట నిజమే. కానీ కాంక్రీటులోని క్షారం, తేమ గాజు పోగును తింటాయి, వేడి ఆ పనిని వేగిరం చేస్తుంది. ల్యాబుల్లో వాటి మన్నిక తేల్చడానికి 60 డిగ్రీల క్షార ద్రావణంలో నానబెట్టడం అందుకే. పైగా ఆ రాడ్డు అడ్డంగా కాంక్రీటుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రాడ్డు మీది కాంక్రీటు కవర్ పలుచగా ఉంటే పగులు రావచ్చు. వంపు ఫ్యాక్టరీలోనే వేయించుకోవాలి. మేస్త్రీ మంట పెట్టి వంచబోతే వెంటనే ఆపించండి.

ఇక అగ్నిప్రమాదం. మంటల్లో ఆ బట్ట లేనట్టే లెక్క. అది ఊడినా భవనం అప్పటి బరువును మోసి నిలబడాలి. అంత బలం మిగలని కట్టడానికి బట్ట ఒక్కటే మందు కాదు, కాంక్రీటు జాకెటింగో, స్టీలో ఆలోచించాలి.

కాబట్టి కాంట్రాక్టర్‌తో రేటు మాట్లాడే ముందు రెసిన్ డేటా షీట్ అడగండి. అందులో టీజీ ఎంతో, ఆ అంకె ఓవెన్‌లో కాల్చిన నమూనాదో, సైటులోలా మామూలు వేడిలో ఆరినదో చూడండి. రెండింటికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా చెప్పలేని వాళ్ల చేతికి మీ ఇంటి బీములు అప్పగించకండి.