గొలుసంత నీడ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరు రెంటచింతలలోనో రామగుండంలోనో గడిపినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మనమైతే తలకు తువ్వాలు చుట్టుకుంటాం, మజ్జిగ తాగుతాం, కరెంటుంటే ఫ్యాను కిందికి చేరతాం. అన్నిటికీ మించి మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. గుమ్మంలో నాలుక వేలాడేసుకుని పడుకున్న కుక్కకు ఆ వెసులుబాటు లేదు. దానికి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే, ఒళ్లు చల్లబడడానికి అది ఏ మూలకూ చాలదు. లోపలి వేడి బయటికి పోవాలంటే దానికున్న పెద్ద దారి వగర్చడమే. నాలుక మీది తడి, ముక్కులోని తడి ఆవిరైపోతేనే దాని ప్రాణానికి చల్లన.

అందుకే ఎండ ఎన్ని డిగ్రీలో చూసుకుంటే సరిపోదు, ఉక్క ఎంతుందో కూడా చూడాలి. పొడిగాలిలో నీళ్లు అందుతున్నంతసేపూ వగర్పు కొంత పనిచేస్తుంది. మచిలీపట్నంలోనో కాకినాడలోనో గాలి నిండా తేమ ఉన్న మధ్యాహ్నం ఆ తడి ఆరదు, కుక్క వగరుస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. అక్కడ ఎయిర్ కూలర్ కూడా పెద్దగా అక్కరకు రాదు.

నాకు చాలా బాధ కలిగించే దృశ్యం ఒకటుంది. పొద్దున్నే కుక్కను మెట్ల కింద నీడలో కట్టేసి, గిన్నెలో నీళ్లు పోసి, తాళం వేసుకుని ఉద్యోగానికి వెళ్లిపోతారు. వెళ్లేటప్పుడు అక్కడ మంచి నీడే ఉంటుంది. పన్నెండయ్యేసరికి ఆ నీడ గోడవారకు జరుగుతుంది, రెండింటికి ప్రహరీ దాటిపోతుంది. గొలుసు మాత్రం అంతే ఉంటుంది. స్టీలు గిన్నెలో నీళ్లు కాగిపోతాయి, గొలుసు తగిలితే గిన్నే బోర్లాపడుతుంది. డాబా మీద రేకుల కింద కట్టేసే ఇళ్ల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. రేకు నీడనిస్తుంది కానీ వేడిని కిందికే దింపుతుంది. స్వేచ్ఛగా వదిలిన కుక్కను గమనించండి, అది కుళాయి దగ్గర తడి మట్టిని కాళ్లతో గీరి, గుంట చేసుకుని, పొట్ట ఆ చల్లటి మట్టికి ఆనించి పడుకుంటుంది. దానికి తెలిసిన ఆ వైద్యాన్ని మన గొలుసే అడ్డుకుంటోంది. పగలు ఇంట్లో గచ్చు మీద చోటివ్వలేనివాళ్లు ఎండాకాలంలో కుక్కను కట్టేసి వెళ్లకూడదు. ఇందులో రెండో మాట లేదు.

షికారుకు తీసుకెళ్లేది తెల్లవారుజామునే కావాలి. సాయంత్రం ఎండ తగ్గిందనుకుని ఐదింటికే బయల్దేరతాం గానీ తారురోడ్డు అంత తొందరగా చల్లారదు. మన అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. ఇంకో సంగతి, అలసిపోయినా కుక్క ఆగదు. యజమాని నడుస్తుంటే అది నడుస్తుంది, బంతి విసిరితే పరిగెడుతుంది. ఎప్పుడు చాలించాలో మనమే తేల్చుకోవాలి. ఇక కారులో అద్దాలు కాస్త దించి ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తా’నని దుకాణంలోకి వెళ్లడం అసలు చేయకూడదు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరిగిపోతుంది.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, జిగటగా చొంగ కారుతూ, నడక తూలితే ఇక క్షణం ఆలస్యం చేయొద్దు. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా మూసేస్తుంది. తాగగలిగితే తాగనివ్వండి, నోట్లో బలవంతంగా పోయకండి. జ్వరమనుకుని పారాసిటమాల్ వేసేవాళ్లున్నారు. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర కుక్కకు విషం కావచ్చు. లేచి తిరిగినా సరే డాక్టరుకు చూపించాల్సిందే, ఎందుకంటే మూత్రపిండాలకు తగిలిన దెబ్బ కాస్త ఆలస్యంగా బయటపడవచ్చు.

పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు వగర్చడమే సరిగా కుదరదు, వాటికి మామూలు ఎండా గండమే. హస్కీ పుట్టింది సైబీరియా మంచులో. చూడముచ్చటగా ఉందని దాన్ని విజయవాడ అపార్టుమెంటుకు తెచ్చుకోవడం నా దృష్టిలో తప్పు. ఇప్పటికే ఉంటే మాత్రం బొచ్చు నున్నగా గొరిగించకండి. రోజూ దువ్వి లోపలి ఊడుబొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. పైబొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. మన నాటుకుక్క పొట్టి బొచ్చు, పొడుగు మూతి, సన్నని ఒళ్లు ఈ నేలకు తగ్గవి. పెంచుకోవాలనుకునేవాళ్లు ముందు దానివైపు చూడాలి.

చలి మనకు కొన్నాళ్లే. అయినా ఆదిలాబాద్‌లో, లంబసింగిలో డిసెంబరు రాత్రి సిమెంటు గచ్చు మీద పడుకోబెడితే ముసలి కుక్క కీళ్లు పట్టేస్తాయి. పుట్టిన కొత్తలో కూనలకు తమ ఒంటి వేడిని నిలుపుకునే శక్తే ఉండదు. చెక్క పలక మీద పొడి గోనె సంచి, గాలి కొట్టని మూల, అంతే కావాల్సింది. సంచి తడిస్తే మార్చాలి.

ఈ వేసవిలో గేటు బయట కూడా ఒక మట్టి తొట్టి పెట్టండి, వీధి కుక్కలకు. నీడపట్టున పెట్టి, రోజూ పొద్దున్నే కడిగి కొత్త నీళ్లు పోయండి, మధ్యాహ్నం ఇంకోసారి నింపండి.