పురుగుల పెద్దాయన ఇంట్లో

అక్కా, బావగారూ,

ఫ్రాన్సు దక్షిణాన సెరిన్యాన్ అనే ఊళ్లో ఉన్నాను. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర రోడ్డు దాటే జనంలో ఈ ఊరంతా కలిసిపోతుంది, అంత చిన్నది. జాన్ ఆన్రి ఫాబ్ర్ అనే పురుగుల పెద్దాయన 1915లో పోయేదాకా 36 ఏళ్లు ఉన్నది ఇక్కడే. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

అంతకుముందు ఆయన అవిన్యోన్‌లో మాస్టరు. పట్టుపురుగుల రోగం సంగతి చూడటానికొచ్చిన లూయీ పాశ్చర్, ఈయన ఇచ్చిన పట్టుగూడు చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడట! పువ్వు కాయెలా అవుతుందో ఆడపిల్లలకు పాఠం చెప్పినందుకు ఊరి పెద్దలు మండిపడ్డారు, ఇల్లూ ఖాళీ చేయించారు. నాకు కడుపు తరుక్కుపోయింది.

చివరికి 1879లో ఈ రెండున్నర ఎకరాల బీడు కొన్నారు. రాళ్లూ ముళ్లూ తప్ప ఏమీ లేని నేలే కావాలన్నారు, కందిరీగలకి అదే స్వర్గమని. మేడమీద ఆయన రాసుకున్న బల్ల చూశాను. పుస్తకమూ సిరాబుడ్డీ పెడితే నిండిపోతుంది. కీటకాల జ్ఞాపకాలు 10 సంపుటాలు రాసిన మనిషి బల్ల అది!

పిల్లలకి గొంగళిపురుగుల కథ తప్పక చెప్పండి. ఇక్కడి పైన్ చెట్ల మీద ఉండేవి వరుసకట్టి నడుస్తాయి. ముందుది సన్నని పట్టుదారం వదులుతూ పోతుంది, వెనకది దాని తోకకి తలానించి ఆ దారి పట్టుకుంటుంది. 1896 జనవరిలో ఒక వరుస పెద్ద కుండీ అంచెక్కింది. అంచు చుట్టూ నిండగానే ఫాబ్ర్ మిగతావాటిని ఊడ్చేసి, పైకొచ్చిన దారాన్ని కుంచెతో తుడిచేశారు. ఇంక మొదటిదేది, చివరిదేది? రాత్రి చలికి ముద్దకట్టి ఆగడం, ఎండెక్కగానే మళ్లీ నడక. అలా వారం రోజులు! 335 చుట్లని ఆయన లెక్క. ఎనిమిదో రోజుకి గానీ దిగలేదు.

ఆ మరుసటి ఏడే, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే బేగంపేట, ఆయన పేరున్న భవనం అక్కడే. ఆయనకి రోగం గుట్టు తెలియాలి, ఈయనకి పురుగు బతుకు తెలిస్తే చాలు. నా మనసు ఈయన వైపే పోతోంది.

చెట్లమీద ఇలకోళ్లు చెవులు హోరెత్తిస్తున్నాయి. వీటికి వినపడుతుందా అని ఈయన ఊరి ఫిరంగులు పేల్పిస్తే పాట ఆగనే లేదట. చెవుడే అనుకున్నారు. వాటికి చెవులున్నాయని తర్వాతివాళ్లు తేల్చారు. పేడపురుగుల సంగతి చాలా ఉంది, వచ్చే ఉత్తరంలో రాస్తాను.