ముష్టిగింజయు, స్టాఫర్డు గ్రంథాలయమును

ఓరుగల్లు ప్రాంతపు అడవులలో ముష్టిచెట్టు నెఱుగనివారరుదు. నారింజవంటి పండు, అందులో బొత్తాములవలె చదునైన గింజలు. దానికి తోబుట్టువే మన చిల్లగింజ. బురదనీరు తేరుటకు మన యాడువారు కడవలో అరగదీయునది అదియే. ఒకతె నీరు తేర్చును, ఒకతె ప్రాణము తీయును! ఈ జాతి గింజలనుండి 1818లో ఫ్రెంచి రసాయన పండితులు వేరుచేసిన విషమునకు స్ట్రిక్నీను అని పేరు.

ఆ విషముతో అపకీర్తి కెక్కిన యొక వైద్యుని జ్ఞాపికలు ఇంగ్లండున స్టాఫర్డు పట్టణములో నున్నవని విని, అచ్చటి విలియం సాల్టు గ్రంథాలయ సంపుటములను జూచితిమి. సాల్టుగారు బ్యాంకరు. భర్త పోయినపిదప హెలెనమ్మగారు ఆయన సేకరించిన గ్రంథములను ఆ మండలమువారికే యొసగుటచే 1872లో ఆ గ్రంథాలయము వెలసినది. ఒక యిల్లాలి యుదారబుద్ధి ఎంత పని చేసినదో!

ఆ వైద్యుడు రూజిలీ నివాసి విలియం పామరు. పేరునకే పామరు గాని చదువరియే. గుఱ్ఱపు పందెములలో అప్పులపాలయ్యెను. భార్య ఆనీ పేర 13,000 పౌనులకు భీమా చేయించెను. 1854 సెప్టెంబరులో ఆమె మరణించెను. మఱుసటి యేటి నవంబరులో, పందెము గెలిచివచ్చిన మిత్రుడు జాన్ కుక్, పామరు ఇంటి యెదుటి సత్రములో విలవిలలాడుచు ప్రాణములు విడిచెను. శవములో స్ట్రిక్నీను కనబడలేదు. అంటిమొని మాత్రము దొరకెను. పండితులు న్యాయస్థానములో ఎంతయో వాదులాడిరి. మాకు మాత్రము ఎలిజబెత్ మిల్సు అను సత్రపు పనికత్తె సాక్ష్యమే మనసున నాటినది. పామరు ఇంటినుండి రోగికి వచ్చిన చారును రెండు చెంచాలు రుచిచూచి, తానును వాంతులతో మంచమెక్కితినని ఆమె చెప్పెను. వంటింటి మాటకు విలువ లేదని యెవరనగలరు?

స్వస్థలమున జనులు మండిపడుచుండుటచే, విచారణ లండనులో జరుపుటకై క్రొత్తచట్టమే చేసిరి. 1856 జూన్ 14వ తేదీన స్టాఫర్డు జైలు వాకిట, వేలకొలది జనుల యెదుట అతనిని ఉరితీసిరి.

ఇక జ్ఞాపికలు. విచారణ పుస్తకములు, నాటి పత్రికలలోని చిత్రములు మేము చూచితిమి. ఆ మండలపు కుమ్మరులు పామరు బొమ్మలను, అతని యింటి బొమ్మను గూడ చేసి అమ్మిరట! మన బొమ్మలకొలువులో ఇట్టివానికి ఏ మెట్టున చోటిత్తుమో పాఠకురాండ్రే చెప్పవలెను.

ఆనీకి బొమ్మ లేదు. ఆమె శవమును వెలికితీసి పరీక్షించి, పామరే హంతకుడని పంచాయతుదారులు నిర్ణయించిరి. కాని కుక్ హత్యకే ఉరి పడుటచే, ఆమె విషయమున విచారణయే జరుగలేదు. ఆమె కన్న యైదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే తల్లికంటె ముందు పోయిరి. పెద్దవాడొక్కడు మిగిలెను.