గోల్కొండ కవాతు దండగా?

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో అగ్నివీర్‌లను ఫిరంగి దగ్గరికి పంపేముందు కవాతు చేయిస్తారు. కొలువే నాలుగేళ్లు, శిక్షణా అందులోదే, పైగా డ్రోన్ల కాలం. ఇంకా ఈ లెఫ్ట్-రైట్ దేనికని కొందరి వాదన. రిపబ్లిక్ డే సోకు కోసమే అయితే నేనూ దండగే అంటాను. కానీ 155 మి.మీ. ఫిరంగి గుండు ఒక్కోటీ 40 కిలోలకు పైమాటే. ఒకరు మోసుకొస్తే ఇంకొకరు లోపలికి తొయ్యాలి, గొట్టం వెనక మూత (బ్రీచ్) మూసుకునేలోగా చెయ్యి తియ్యాలి, పేలాక గొట్టం వెనక్కి తన్నే దారిలో ఎవరూ ఉండకూడదు. ఆ చప్పుడులో ఆలోచించే తీరికెక్కడిది? ఒక్క కేకకు అందరూ కదలాలి. ఆ అలవాటు పరేడ్ గ్రౌండ్‌లోనే మొదలవుతుంది.

దీంతో గుడ్డి విధేయత అబ్బుతుందన్న భయాన్ని కొట్టిపారేయలేను. అయితే దానికి మందు కవాతు తగ్గించడం కాదు, క్లాసులో కుర్రాళ్లను ప్రశ్నలు అడగనివ్వడం. నాలుగేళ్లయ్యాక 25 శాతం మందికి మించి కొలువు నిలవదన్న గొడవంటారా, అది తేలాల్సింది ఢిల్లీలో.