నిద్రపోని కావలివారు



పంట కోతకు వచ్చినప్పుడు మన రైతులు మంచె కట్టి రాత్రింబగళ్లు కావలి కాయుదురు. మీ దేహమునందును అట్టి కావలివారున్నారని ఎన్నడైనను తలంచితిరా? వైద్యులు వారికి టి కణములని పేరు పెట్టిరి. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ అను చిన్న గ్రంథిలో పెరుగును. ఆ గ్రంథి దేనికొరకో చిరకాలము ఎవరికిని తెలియలేదు. 1961లో జాక్ మిల్లర్ అను వైద్యుడు లండనులో ఎలుకపిల్లలను పరిశీలించి, అది లేనియెడల రోగములతో పోరాడు శక్తి కొరవడునని చూపెను.

ఆ గ్రంథి ఒక పాఠశాల వంటిది. అక్కడి పరీక్ష బహు కఠినము. శత్రువును గుర్తింపలేనివియు, స్వంత దేహముమీదనే చేయి చేసుకొనునవియు అక్కడనే తొలగింపబడును. 100కి 90కి పైగా ఆ పరీక్షలో నిలువవు.

తట్టు వంటి రోగము వచ్చినప్పుడు వైరసు జీవకణములో దూరి దాగుకొనును. అయితే ఆ కణము ఊరకుండదు. తనలోనున్న వైరసు తునకలను తన గడపమీద పెట్టి చూపును. గడప గడప తిరుగు టి కణము దానిని ఆనవాలు పట్టి, శత్రువుతోకూడ ఆ ఇంటిని కూల్చివేయును. ఈ సంగతి కనుగొనిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ అనువారికి 1996లో నోబెల్ బహుమానము లభించెను. దాచక బయలుపరచిన ఆ ఒక్క కణము వలన పొరుగు కణములు బ్రదుకును. మన హృదయములోని పాపమును దాచుకొనుట మేలా, ప్రభువు ఎదుట ఒప్పుకొనుట మేలా? మీరే యోచించుడి.

ఇంతమంది కావలివారుండగా పిల్లలేల చనిపోవుదురని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. 1968లో మా చెల్లెలు మూడేండ్ల ప్రాయమున తట్టు సోకి ప్రభువునొద్దకు వెళ్లెను. మా అమ్మ రాత్రియంతయు మోకాళ్లమీదనే యుండెను. ఆమె విశ్వాసము చాలలేదని ఎవరైనను అనినయెడల నేనొప్పుకొనను. క్రొత్త శత్రువుమీదికి సేన కూడుటకు కొన్ని దినములు పట్టును. పైగా తట్టు వైరసు ఆ కావలివారినే పట్టి చంపును. అందుచేతనే తట్టు తగ్గిన పిమ్మట న్యుమోనియా, విరేచనములు పిల్లలను పట్టుకొనును.

అయితే ఒకసారి గెలిచిన సేన మరువదు. ఫారో దీవులలో 1781లో తట్టు వచ్చి పోయెను. మరల 1846లో వచ్చినప్పుడు సుమారు 7,800 మందిలో 6,000 మందికి పైగా పడకపట్టిరి. కాని 1781లో ఆ రోగము అనుభవించిన వృద్ధులకు అది మరల రాలేదని పానుమ్ అను డేనిష్ వైద్యుడు వ్రాసెను. 65 సంవత్సరములైనను వారి దేహము శత్రువును మరువలేదు!

టీకా ఆ జ్ఞాపకమునే, రోగపు బాధ లేకుండ, పసిబిడ్డకిచ్చును. మా చెల్లెలి కాలమున అది మా ఊరికి రాలేదు. 1985 నుండి మన దేశపు టీకాల కార్యక్రమములో తట్టు టీకా చేరినది. నేడు 9 నెలలు నిండగానే ఒకటి, 16 మొదలు 24 నెలల లోపల రెండవది ఉచితముగా వేయుదురు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఆశా కార్యకర్త మీ గడపకు వచ్చినప్పుడు బిడ్డను దాచకుడి. ప్రార్థన చేయుడి, టీకాయు వేయించుడి. ఈ రెంటికిని విరోధము లేదు. కావలివారిని లోపల నుంచినవాడే వారికి పాఠము చెప్పు జ్ఞానమును మనుష్యులకిచ్చెను. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.